బోరులో పోసిన మందు పేరు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. బస్సు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కునేలోపే బస్సు వెళ్ళిపోతుంది. అందుకని నేను చెబుతుంటే మా పక్కింటి అమ్మాయి రాస్తోంది. నా గొంతు మొరటు. మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నాననుకుంటారు. నిజంగా పోట్లాడిన రోజు ఒకటుంది, అదే చెబుతాను.

మాది అర్ధవీడు మండలంలో, కంభం వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలికి ఉండే పల్లె. కంది వేస్తాం, సజ్జ వేస్తాం, బోరు పోసినన్నాళ్ళు కాస్త మిరప కూడా వేశాం. మా ఆయన పోయిన ఏడాదే ఆ బోరూ ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి వచ్చేది, ఆయాసం మనిషి గురక పెట్టినట్టు చప్పుడు వచ్చేది, నీళ్ళు మాత్రం రాలేదు. కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడు. ఇంట్లో నేను, కోడలు, మేకలు. తాగడానికి ట్యాంకరు నీళ్ళు. వాడుకోవడానికి ఎవరి బోరు పోస్తే వాళ్ళ మొహం చూడాలి.

ఆ మరుసటి ఏడాది కోడలు నీళ్ళోసుకుంది. అంతకు ముందు ఒకటి మూడో నెలలోనే పోయింది. అందుకని ఈసారి ఐదో నెల వచ్చేదాకా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. బిందె ఎత్తనివ్వలేదు. ఒంగి ఊడ్వనివ్వలేదు. "అత్తా, నేనేమన్నా గాజు బొమ్మనా?" అనేది. "కాదులే, నా ప్రాణానివి," అనేదాన్ని. అన్నాక నాకే సిగ్గేసేది. అటువంటి మాటలు మా ఇళ్ళల్లో పైకి అనుకోం.

మా మరిది ఒకరోజు కంభం సంతకు పోయి వచ్చి కొత్త కబురు చెప్పాడు. కొత్తగా బోరు వేయనక్కరలేదట. ఎండిపోయిన బోరుకే ప్రెజర్ కొడతారట. ఇనప గొట్టం లోపలికి దించి, రబ్బరు బుడ్డను ఉబ్బించి దారి మూసి, కింద రాతిలోకి నీళ్ళను బలంగా తోస్తారట. రాతిలో మూసుకుపోయిన పగుళ్ళు తెరుచుకుని నీళ్ళు ఊరతాయట. గిద్దలూరులో ఒకతను బండి పెట్టుకుని ఊరూరా చేయిస్తున్నాడట.

"మనిషికి జొరమొస్తే సూది, బోరుకు జొరమొస్తే ఇది. అంతే వదినా," అన్నాడు మరిది.

"సూది వేసినాక కూడా పోయినోళ్ళు ఉండారు అబ్బయ్యా," అన్నాను. మా ఆయన సంగతి అది. మరిది తల దించుకున్నాడు. సరే, చేయిద్దామన్నాను.

ఆ గిద్దలూరు ఓనరు బేరానికి ఒక్కసారి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. బోరు మూతి చుట్టూ తిరిగి, చెవి ఆనించి విన్నట్టు చేసి, "నీళ్ళుండాయి. మా మందు పోస్తే పరిగెత్తుకుంటా వస్తాయి," అన్నాడు. ప్రెజర్‌కు ఇంత డబ్బని ఒక లెక్క, మందుకు ఇంకో లెక్క. మందు ఏందని మరిది అడిగితే, అది బయట దొరికేది కాదు, మా దగ్గరే ఉంటుంది, పేరు చెప్పేది లేదు అన్నాడు. పేరు దాచేదంటే గట్టిదే అయి ఉంటుందని మా మరిదికి ఇంకా గురి కుదిరింది.

బుధవారం బండి వచ్చింది. దాంతో పాటు వచ్చిన పనివాళ్ళలో పెద్దతను అరవవాడు, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు. నెమ్మదైన మనిషి. నేను పెట్టిన సంగటి కూడా వంక పెట్టకుండా తిన్నాడు. పగలంతా ప్రెజర్ కొట్టారు. మా ఇంటి గోడలు అదిరాయి. పొద్దు వాలే వేళకు మందు పోయడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు మొదటిసారి గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఆ అరవతను మోచేతుల దాకా నల్లటి రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు. మిగతావాళ్ళను దూరంగా పొమ్మన్నాడు. నీలం డ్రమ్ముల్లో నీళ్ళలాంటిదేదో ఉంది. దాన్ని బోరులోకి వంచి, మీద ఇంకో డ్రమ్ములోది వంచగానే బుస్సుమని నురుగు పైకి తన్నుకొచ్చింది. పచ్చటి నురుగు. పాము బుస కొట్టినట్టే. బోరు మూతి దాటి, కాలవగా పారి, పక్కనున్న గుంతలో చేరింది.

"ఏంది నాయనా అది?" అన్నాను.

"మందు అమ్మా."

"మందంటే? ఏం మందు?"

"నాకు తెలవదు. ఓనర్ కలిపి ఇస్తాడు. చేతికి తగలకూడదు అంటాడు." గుంత వైపు చెయ్యి చూపించి, "మేక వద్దు. తాగితే వద్దు," అన్నాడు. మా మరిది గుంత చుట్టూ కంప నరికి వేశాడు. రాత్రికి మేకలను ఇంటి దగ్గరే కట్టేశాను. ఇంతవరకూ అందరం జాగ్రత్తగానే ఉన్నాం చూడండి. మేకల విషయంలో ఉన్న జాగ్రత్త మనుషుల విషయంలో లేకపోయింది.

గురువారం పొద్దున్నే గాలి మిషను పెట్టి బోరులోపలివి పైకి ఊదారు. మొదట బురద వచ్చింది. తర్వాత తెల్లగా సున్నపు తేటలాగా వచ్చింది. ఆ తర్వాత నీళ్ళు. మనిషెత్తు లేచి పడ్డాయి. ఏడాది నుంచి చుక్క చూడని చేలో నీళ్ళు లేచి పడుతుంటే ఎట్లా ఉంటుందో ఈ వైపు పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఊరు ఊరంతా వచ్చింది. మరిది తలగుడ్డ తడుపుకుని నెత్తిన పిండుకున్నాడు. ఎవరో పసుపు కుంకుమ తెచ్చారు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బోరు పడితే మొదటి నీళ్ళు నేల పాలు చెయ్యం. ఆ ఇంటి ముత్తైదువ దోసిలి పట్టి తాగాలి, తర్వాతే ఎవరైనా. ఆ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఇక ఆమెదే ముందు. ఆమె కడుపు నిండా తాగితే బోరు ఎండదని మా పెద్దవాళ్ళ నమ్మకం. నేను ముందుకు పోకూడదు, బొట్టు లేని దాన్ని. కంది చేను గట్టు మీద దూరంగా నిలబడ్డాను. అది కొత్తేమీ కాదు. ఆయన పోయినప్పటి నుంచి మంచి పని ఏది జరిగినా నా చోటు గట్టు మీదే.

కోడలు తూర్పుకు తిరిగి దోసిలి పట్టింది. చుట్టూ ఆడవాళ్ళు.

"ఇంకా తాగు, ఇంకా. సిగ్గేందమ్మే? కడుపులో ఉండేదానికి కూడా పెట్టాలగా!"

"ఈ పిల్ల ఎట్ల తాగుతాదో చూడండే, ట్యాంకరు కాడ కూడా ఇంత ఆత్రం లేదు!"

నవ్వులు. కోడలు కూడా నవ్వుకుంటూనే తాగింది. కొంగంతా తడిసింది. మిగతావాళ్ళు నోట్లో పోసుకున్నారో, నెత్తిన చల్లుకున్నారో నేను చూడలేదు. నేను కోడలినే చూస్తున్నాను. ఎండలో దాని మొహం మీద నీళ్ళు మెరుస్తుంటే, మా ఆయన ఉండి చూస్తే బాగుండేదని అనుకుంటున్నాను.

అంతలో రోడ్డు మీద టీ తాగడానికి పోయిన అరవతను తిరిగి వచ్చాడు. దోసిలి పట్టిన కోడలిని చూశాడు. చేతిలో గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తాడు.

"అమ్మా, వద్దు! వద్దు! మందు నీళ్ళు! ఉమ్ము, ఉమ్ము!"

గాలి మిషను చప్పుడులో మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయాయి. అతను మా మరిది చొక్కా పట్టుకున్నాడు. "ఓనర్ చెప్పాడు కదా! రెండు రోజు నీళ్ళు ఊరికే వదలాలి, చెప్పాడు కదా!"

"చెప్పినాడు," అన్నాడు మరిది. మొహం తెల్లబడింది. "చేనుకు పెట్టొద్దనేమో అనుకున్నా. పైరు మాడుతాదని..."

నేను ఆ తర్వాత కూడా మా మరిదిని ఒక్క మాట అనలేదు. మొదటి నీళ్ళు వదిలేయమని చెబితే ఈ కరువు నేలలో ఎవడి బుర్రకు ఎక్కుతుంది? పైరుకు పెట్టొద్దంటే మనుషులు తాగొచ్చనే అనుకుంటాం మేము.

కోడలు అక్కడే కూలబడి కక్కుకుంది. రెండు చేతులతో పొట్ట పట్టుకుని నా వైపు చూసింది. అప్పుడు నేను గట్టు దిగాను. బొట్టు లేదని ఎవరూ ఆపలేదు.

మరిది ఆటో మాట్లాడాడు. అరవతను బోరుకు పోసిన డ్రమ్ములో అడుగున మిగిలింది కాస్త సీసాలో పట్టి నా చేతికిచ్చి, "డాక్టరుకు చూపించమ్మా," అన్నాడు. కంభం చేరేదాకా కోడలు ఒక్కటే మాట. "అత్తా, ఇది కూడా పోతాదా? అత్తా, చెప్పు, పోతాదా?" నేను ఏమనను? "నోరు మూసుకుని పడుకో," అన్నాను. నా గొంతులో అది తిట్టులాగే వినిపించి ఉంటుంది. దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. కోడలిని బల్ల మీద పడుకోబెట్టి నాడి చూసింది, కళ్ళు చూసింది, నోరు తెరిపించి చూసింది.

"ఏం తాగింది?"

"బోరు మందమ్మా."

"మందంటే ఏది? పేరు చెప్పండి."

"పేరు చెప్పరంట."

ఆమె సీసా పైకెత్తి చూసింది. పచ్చగా ఉంది, అంతే. వాసన చూసింది. "ఈ రంగు చూసి నేనేం చెప్పను? యాసిడ్ అయితే ఒక వైద్యం, ఇంకొకటి అయితే ఇంకొక వైద్యం. కడుపు కడగాలా వద్దా అన్నది కూడా ఆ పేరు మీదే ఉంటుంది. యాసిడ్ అయి ఉండి నేను వాంతి చేయిస్తే, కిందికి పోయేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. కడుపుతో ఉన్న పిల్లకు, ఏం తాగిందో తెలియకుండా ఏ మందూ ఇవ్వలేను. దీన్ని పరీక్షకు పంపితే ఎప్పటికి వస్తుందో. కలిపినవాడిని అడగండి, త్వరగా."

మరిది ఫోను కలిపాడు. ఓనరు ఎత్తి, "ఏం గాదు అన్నా, మజ్జిగ తాపండి," అన్నాడు. డాక్టరమ్మ ఫోను తీసుకుని తాను ఎవరో చెప్పి, అందులో ఏం కలిపావని అడిగింది. "అది మా కంపెనీ సీక్రెట్ మేడం. హాని ఏం లేదు," అన్నాడు. "హాని ఉందో లేదో నేను చెబుతాను, నువ్వు పేరు చెప్పు," అంది ఆమె. అవతల ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇంకో ఫోనుకు చేస్తే అదీ ఎత్తలేదు.

నేను మరిదిని కోడలి దగ్గర ఉండమని చెప్పి, అరవతనికి ఫోను చేయించి ఓనరు ఇల్లెక్కడో అడిగించాను. గిద్దలూరులో ఇంటి ముందే బండ్లు పెట్టుకుంటాడట, ఈరోజే కొత్త బండికి పూజ కూడా ఉందట. డాక్టరమ్మ ఒక కాగితం ముక్క మీద తన నంబరు రాసిచ్చింది. బస్సెక్కాను. ఆ బస్సు ఆగని చోటు లేదు. ప్రతి స్టేజీ దగ్గరా నాకు కండక్టరు గొంతు పిసకాలనిపించింది. కిటికీ లోంచి ఏమేం కనిపించాయో ఒక్కటీ గుర్తులేదు. లోపల మాత్రం కోడలి మాటే తిరుగుతోంది, పోతాదా, పోతాదా అని.

గిద్దలూరులో దారి అడుగుతూ పోయాను. దూరం నుంచే తెలిసింది. వీధిలో షామియానా వేసి ఉంది. దాని కింద కొత్త బండి, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. పూజ అయిపోయింది. జనం ప్రసాదం తింటున్నారు. చొక్కాలను బట్టి చూస్తే సగం మంది రైతులే, తమ బోర్లకు బేరం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు. డ్రైవరు మీదికెక్కి కూర్చున్నాడు. ఓనరు అదే తెల్లచొక్కాతో చేతులూపుతూ, "పోనీ, పోనీ, రాహుకాలం వచ్చేస్తాది!" అంటున్నాడు.

నేను ఏమీ అనుకోలేదు, ఎత్తు వేయలేదు. అతనితో మాట్లాడాలని సూటిగా నడిచాను. సూటిగా నడిస్తే బండికి ఎదురుగా వచ్చాను. డ్రైవరు నన్ను చూసి తాళం చెవి మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఒక ముసలామె, "అయ్యో అయ్యో, ఇదేం శకునం!" అంది. అప్పుడు నాకు తట్టింది. నొసటన బొట్టు లేదు, చేతికి గాజులు లేవు, తెల్లారి నుంచి తల దువ్వలేదు. కొత్త బండికి నాకంటే చెడ్డ ఎదురు ఏముంటుంది?

అక్కడే నిలబడ్డాను.

ఓనరు నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరమ్మా నువ్వు? పక్కకు జరుగు, బండి కదలాల."

"కదలనీ నాయనా. నేనేమన్నా చక్రం పట్టుకున్నానా?"

"పెద్దమ్మా, ప్రసాదం తీసుకోని అటుపక్క కూర్చో. ఒరేయ్, పెద్దమ్మకు పులిహోర పెట్టండ్రా."

"పులిహోర వద్దు. నీ మందు పేరు చెప్పు. అర్ధవీడు కాడ పొద్దున నీ బోరు నీళ్ళు తాగి ఆస్పత్రిలో ఉండే పిల్ల నా కోడలు."

అతని మొహం మారింది. చుట్టూ చూశాడు. నా గొంతు గురించి మొదటే చెప్పాను కదా, వీధి చివరి దాకా వినిపించింది. పులిహోర తింటున్న రైతులు చేతులు ఆపారు.

"గట్టిగా అరవబాకమ్మా. లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు. పేరొక్కటే గదా. చెప్పు, జరుగుతా."

"అది చెప్పేది కాదు. పేరు బయటికొస్తే నా యాపారం పోతాది."

"చెప్పకుంటే నా కోడలి కడుపు పోతాది," అన్నాను. "ఏది పోతే బాగుంటాదో నువ్వే చెప్పు, అందరూ వింటారు."

డ్రైవరు బండి దిగాడు. "అన్నా, నేనైతే ఇట్ల ఎదురుండగా తీయను. నాకూ పిల్లలుండారు," అన్నాడు. రైతుల్లో ఒకాయన చేతులు కడుక్కుంటూ, "అవునబ్బా, ఆడమనిషి అడుగుతా ఉంది, చెబితే ఏం? రేపు మా చేలో పోసేది కూడా అదే గదా!" అన్నాడు. ఇంకొకడు, "మా ఇంట్లో పశువులుండాయి," అన్నాడు. ఓనరు ఫోన్లో టైము చూసుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర మూతి పెట్టి గొణిగాడు.

"పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. అందులో ఏం లేదు."

"ఏం లేకుండా అంత నురుగు ఎట్ల వచ్చిందిరా?"

"వంటసోడా. నిమ్మఉప్పు. రెండూ కలిస్తే పొంగుతాది."

"ఆ పచ్చరంగు?"

"మిఠాయిలోకి వేసే రంగు."

"మరి ఆ రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ?"

"చూసేవాళ్ళకు," అన్నాడు. "ఉత్త నీళ్ళతో ప్రెజర్ కొడితే ఎవరూ నమ్మడం లేదమ్మా. మందు లేదా, మందు లేదా అని వాళ్ళే అడుగుతారు. మందంటే తొడుగులు ఉండాలి గదా. రెండు రోజుల నీళ్ళు వదలమని చెప్పేది కూడా అందుకే, రాతిపొడి పోతాది, మందు గట్టిదని నమ్మకమూ వస్తాది."

నాకు నమ్మబుద్ధి కాలేదు. భయపడ్డవాడు ఏదైనా చెబుతాడు. "చూపించు," అన్నాను. బండి ముందు నుంచి కదలడానికి అప్పుడు ఒప్పుకున్నాను, అది కూడా చక్రానికి అడ్డంగా నా చెప్పులు వదిలిపెట్టి. ఇంటి వెనక రేకుల గదిలోకి తీసుకుపోయాడు. తాళం తీశాడు. మూటలు మూటలుగా వంటసోడా, బేకరీవాళ్ళు తెచ్చుకునే రకం. నిమ్మఉప్పు సంచులు. ఒక అట్టపెట్టెలో రంగు డబ్బాలు, మీద లడ్డూ బొమ్మ. నేను చదవలేను గానీ లడ్డూ బొమ్మ చదవడానికి బడికి పోనక్కరలేదు.

డాక్టరమ్మ నంబరున్న కాగితం అతని చేతిలో పెట్టాను. "నాకు చెప్పింది ఆమెకు చెప్పు."

గోడ వైపు తిరిగి చెప్పాడు. ఆమె ఒకటికి రెండుసార్లు అడిగినట్టుంది, "అంతే మేడం, అంతే, అమ్మతోడు," అంటున్నాడు. తర్వాత ఆమె డ్రమ్ముల సంగతి అడిగింది. అంతకు ముందు వాటిలో ఏముండేదని. అది వినబడగానే నేను ఫోను దగ్గరికి జరిగాను. "మామిడిపండ్ల రసం మేడం, చిత్తూరు ఫ్యాక్టరీవి. మా ఇంట్లో తాగే నీళ్ళు కూడా వాటిలోనే పడతాం," అన్నాడు. నిజంగానే వాళ్ళ వంటింటి గుమ్మం పక్కన అదే నీలం డ్రమ్ము, మీద చెంబు బోర్లించి ఉంది. ఆమె ఫొటోలు పంపమంది. మూటలకు, డబ్బాలకు, డ్రమ్ములకు ఫొటోలు తీసి పంపాడు. కంగారులో ఒకటి రెండుసార్లు తన కాళ్ళకే తీసుకున్నాడు.

కాసేపటికి ఆమె ఫోను చేసింది. ఫోను నా చెవి దగ్గర పెట్టాడు.

"అమ్మా, భయం లేదు. విన్నారా? సోడా, నిమ్మఉప్పు, కాస్త రంగు. బోరెడు నీళ్ళలో కలిసింది ఎంతో కాదు. సీసాలో ఉన్నదాన్ని చూసినా సరిపోతోంది. ఆ బురదకు, కంగారుకు కక్కింది, అంతే. సాయంత్రం దాకా చూసుకుని పంపిస్తాను."

ఆ రేకుల గదిలో సోడా మూట మీదే కూర్చుండిపోయాను. ఓనరు నీళ్ళు తెచ్చిచ్చాడు. గ్లాసు పట్టుకుని, "ఇందులో ఏం కలిపినావు?" అన్నాను. అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు మాత్రం నవ్వు వచ్చింది. పొద్దున నుంచి బిగబట్టిందంతా ఆ నవ్వులో పోయింది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉన్నాను.

"ఎవరికీ చెప్పొద్దు పెద్దమ్మా. నీ బోరుకు తీసుకున్న మందు లెక్క ఎగ్గొట్టను, వెనక్కిస్తా."

"అది మా మరిదితో చూసుకో. నేను బయట ఎవరికీ చెప్పను అని మాత్రం అనలేను నాయనా. నువ్వే చెప్పుకో. ఉత్త నీళ్ళే, ప్రెజరే అని చెప్పు. మా బోరు పోసింది కదా, నీళ్ళతోనే గదా పోసింది!"

అతను ఆ మాట ఎప్పుడూ ఆలోచించనట్టు నా వైపు చూశాడు.

బయటికి వచ్చి నా చెప్పులు వేసుకున్నాను. రైతులు చుట్టుముట్టారు. ఏందంట, ఏందంట అని. నేను ఓనరు మొహం చూశాను. అతనే గొంతు సవరించుకుని, "సోడానే బాబూ, తినే సోడానే," అన్నాడు. "అయితే ఇంతకాలం సోడాకా మేము అంత ఇచ్చింది!" అని ఒకాయన లేచాడు. ఆ రచ్చ వాళ్ళది, నాకు ఆగే ఓపిక లేదు. బండి రాహుకాలం దాటాక తీశారో, మరుసటి రోజు తీశారో కూడా నాకు తెలియదు.

కంభం తిరిగి వచ్చేసరికి కోడలు లేచి కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "అత్తా, సోడా అంట గదా! నేను తాగింది సోడా అంట!" అంది. డాక్టరమ్మ చెప్పేసింది.

"అవును. గోలీ సోడా తాగినదాని మాదిరి ఎంత గొడవ చేసినావే!"

"నువ్వు బండికే అడ్డం నిలబడినావంటగా? ఓనరు ఫోను చేసి చిన్నమామతో మొత్తుకున్నాడంట."

డాక్టరమ్మ వచ్చింది. మొహంలో నవ్వు లేదు. "ఈసారికి సోడా అయింది కాబట్టి సరిపోయింది. బోర్లలో నిజంగా యాసిడ్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు, నేను ఇక్కడే చూశాను, గొంతు కాలిన మనిషిని. ఏదైనా మీ చేలో పోస్తుంటే పేరు చెప్పేదాకా పోయనివ్వకండి. చెప్పకపోతే పంపించేయండి. మొదటి నీళ్ళు ఎవరూ తాగొద్దు, పద్ధతైనా సరే." నేను తల ఊపాను. ఊరికి పోయాక అందరికీ అదే చెప్పాను. కొందరు విన్నారు. పెద్దవాళ్ళు కొందరు ఇంకా మూతి తిప్పుతారు. తిప్పనీ.

తర్వాత ఆమె కోడలి పొట్ట మీద జిగురులాంటిది రాసి, చిన్న మిషను ఆనించింది. గరగరమని చప్పుడు. ఇటు జరిపింది, అటు జరిపింది. ఏమీ లేదు. కోడలు నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. అప్పుడు వచ్చింది. టకటకటక, కుట్టుమిషను తొక్కినట్టు, ఎవరో తెగ తొందర ఉన్నవాళ్ళు తొక్కినట్టు.

"ఇది దీనిదా, లోపలిదా?" అన్నాను.

"లోపలిదే," అంది డాక్టరమ్మ. అప్పుడు నవ్వింది.

మా మరిది తలుపు దగ్గర నిలబడి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నేను వింటూ ఉన్నాను. ఆమె మిషను తీసేస్తే ఇంకాసేపు పెట్టమన్నాను. పెట్టింది.

సాయంత్రం పంపించేశారు. బయట కాలు పెట్టగానే కోడలు, "అత్తా, ఆకలేస్తాంది," అంది. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి ఉంది. కడుపుతో ఉన్నదానికి కారం మంచిది కాదని ఇన్నాళ్ళూ తిననిచ్చేదాన్ని కాదు. ఆరోజు నేనే కొని ఇచ్చాను. ఆటో కోసం మరిది పోయినంతసేపూ మేమిద్దరం బస్టాండు అరుగు మీద కూర్చున్నాం. అది కాగితంలో ఉన్నవన్నీ తినేసి, నూనె వేళ్ళు నా కొంగుకే తుడిచి, "ఇంకో రెండు తెస్తావా?" అంది.

లేచి తేవడానికి పోయాను.